రెండో ఆదివారం బియ్యం

ఆ బియ్యాన్ని అన్నంగా దించడం దేశాయిపేటలో హెప్సిబాకు తప్ప మరొకరికి చేతకాదు. అవి ముప్పై ఇళ్ల బియ్యం. ఒక ఇంటివి దొడ్డువి, మరొక ఇంటివి సన్నవి. ఒకరివి నిరుటి పాతవి, ఇంకొకరివి మొన్న మర పట్టించినవి. అన్నీ ఒకే సంచిలో కలిసిపోయాక, తెలియని మనిషి ఎసట్లో పోస్తే సగం మెతుకులు చిమిడిపోతాయి, సగం పలుకుగా మిగులుతాయి. హెప్సిబా రెండు జల్లెడలు పట్టి దొడ్డువాటిని, సన్నవాటిని వేరుచేసేది. దొడ్డువాటిని గంట ముందు నానబెట్టి, ఎసరు మసలగానే వేసేది. అవి సగం ఉడికాక సన్నవాటిని జారవిడిచేది. రెండూ ఒక్క పదునుకు వచ్చిన క్షణంలో గంజి వార్చేది. హనుమకొండలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆమె ఇరవై రెండేళ్లుగా వంటమనిషి. అక్కడ నూట యాభై మందికి మల్లెపూవులాంటి సన్నన్నం వండి, ఇంటికి వచ్చి ముగ్గురికి ఈ కలగలుపు బియ్యం వండేది. హాస్టల్ గింజ ఒక్కటి కూడా ఏనాడూ ఆమె కొంగున కట్టుకుని ఇంటికి తేలేదు.

ఆ బియ్యం గుడివి, అంటే చర్చివి. వారి సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవుని భాగం. నెలలో రెండో ఆదివారం ఆ డబ్బాలన్నీ గుడికి చేరతాయి. వాటిని గోనెసంచిలోకి వంపుతారు. ఆరాధన ముగిశాక సంఘపెద్ద జాన్సన్ పంతులు వేలం వేస్తాడు. వచ్చిన సొమ్ము గుడి కరెంటు బిల్లుకు పోతుంది. కోతకాలపు పండుగనాడు ఒక్క సొరకాయను వెయ్యి రూపాయలకు పాడుకునే ఆ జనమే ఈ బియ్యం దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపరు. పంతులు మూడుసార్లు అడుగుతాడు. హెప్సిబా ఒక్కసారి చెయ్యెత్తుతుంది. మొదట్లో కిలో ఐదు రూపాయలు, తరువాత పది. పదిహేడేళ్లలో ధర అంతకు మించి పోలేదు.

ఎవరూ పోటీకి రాకపోవడానికి కారణం ఆమెకు తెలుసు, లేదా తెలుసుననుకుంది. ఆ బియ్యం ఎవరికీ సరిగా ఉడకవు. ఉడికించే విద్య తన చేతిలో ఉంది కనుక, ఇతరులకు పనికిరానిది తనకు సొత్తయింది. "అగ్గువకొచ్చింది ఇడిసిపెడితే అంతకన్న దుబారా ఇంకోటి లేదు," అని భర్త దేవదానంతో అనేది.

దేవదానం ఎనుమాముల మార్కెట్లో మిరప బస్తాల మూతులు దబ్బనంతో కుట్టేవాడు. రెండువేల ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం బస్తాల వరుస కూలి అతని మీద పడింది. మెడ దగ్గరి ఎముక విరిగి ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. కూతురు లిదియా అప్పుడు ఎనిమిదేళ్లది. రేషన్ బియ్యం పదిహేనో తారీఖుకల్లా అయిపోయేవి. ఆ నెలల్లోనే ఒక రెండో ఆదివారం హెప్సిబా గుడిలో మొదటిసారి చెయ్యెత్తింది. ఎవరూ మీద పాడలేదు. ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే, దుకాణంలో కొనే ధరకు, తాను కొన్న ధరకు మధ్య ఆరు వందలు మిగిలింది.

చాలామంది ఆ ఆరు వందలను చూసి ఊపిరి పీల్చుకుని, దాన్ని ఖర్చుపెట్టేవారు. హెప్సిబా పెట్టలేదు. దేవదానం కోలుకుని ఒక కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా కుదిరాక కూడా ఆమె ఆ బియ్యాన్ని వదలలేదు. హైదరాబాదు దారిలో రఘునాథపల్లి దగ్గర ఒక వెంచర్‌లో నెలకు ఆరు వందల చొప్పున పదేళ్ల వాయిదాల మీద నూటయాభై గజాలు తీసుకుంది. చిట్టీ వేయలేదు, బంగారం కొనలేదు. "చిట్టీ మనిషి మీద నడుస్తది, మనిషి పారిపోతడు. మట్టి యాడికి పోతది?" అనేది. సబ్బు అరిగి రేకయితే కొత్త సబ్బుకు అతికించేది. ఆటో ఎక్కకుండా హాస్టల్‌కు నడిచేది. క్రిస్మస్‌కు ఒక్క తాను గుడ్డలోంచి ముగ్గురికీ కుట్టించేది. లిదియా గౌను అంచును ఏటేటా విప్పుతూ పోతే, పాత మడతలు మూడు గీతలై కనిపించేవి. అయితే ఆమె పిసినారి కాదు. లిదియా నర్సింగు ఫీజు ఏనాడూ గడువు దాటలేదు, దేవదానం మందు ఒక్క పూట తప్పలేదు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఆమెకు తెలుసు. బియ్యం మిగిల్చిన ఆరు వందలు వాయిదాగా మారాయి, వాయిదాలు నేలగా మారాయి. ఆ గొలుసులో ప్రతి కొక్కెమూ తన చేత్తో తగిలించిందేనని ఆమె గర్వం.

ఆ గర్వానికి ఆమె మనసులో ఒక వాక్యం ఉంది. ఇల్లు కట్టుకునే విశ్వాసి పునాదిరాయి వేసేనాడు సంఘాన్ని పిలిచి ప్రార్థన చేయించి, అందరి ముందూ సాక్ష్యం చెప్పడం వారి ఆనవాయితీ. ఆ సాక్ష్యాన్ని హెప్సిబా పదిహేడేళ్లుగా, హాస్టల్‌కు నడిచే దారిలో, సాపు చేసుకుంటూ వచ్చింది. 'ఎవరి ముందు చెయ్యి చాపకుంట దేవుడు మమ్ముల ఈడిదాక నడిపించిండు.' ఇల్లు ఎన్ని గదులుండాలన్నదాని మీద కూడా ఆమెకు అంత పట్టింపు లేదు. ఆ మాటను ఆ నేల మీద నిలబడి, ఆ జనం ముందు చెప్పాలి. అదే ఆమె కోరిక.

మొన్నటి అక్టోబరులో, రెండో ఆదివారంనాడు, పాస్టరు అయ్యగారు ఒక ప్రకటన చదివారు: వచ్చే శనివారం రఘునాథపల్లిలో దేవదానం దంపతుల పునాది ప్రార్థన, అందరూ రావాలి, వ్యాను ఏర్పాటు ఉంది. ఆరాధన ముగియగానే, ప్లాట్ల వ్యాపారంలో తిరిగే నవీన్ వెనక బెంచీలోంచి అడిగాడు.

"ఏ వెంచర్ ఆంటీ? రోడ్డు మీద పెద్ద కమాను ఉంటది, అదేనా?"

"అదే బిడ్డా."

"అబ్బో! ఆడ గజం పదిహేను వేలు నడుస్తాంది. ఎన్ని గజాలు?"

"ఏదో, నూటయాభై."

"ఏదో అంటాంది చూడు! ఇరువై రెండున్నర లచ్చలు! మన సంఘంల షావుకారి ఎవరంటే ఇగ హెప్సిబా ఆంటీనే."

అందరూ నవ్వారు. హెప్సిబా తల వంచుకుని కొంగు సర్దుకుంది. తల వంచినా మెడ వంగలేదు. ఆ నవ్వులు ఆగకముందే జాన్సన్ పంతులు గోనెసంచి దగ్గరికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. వేలం మాత్రం ఇంకొకరికి అప్పగించడు.

"పిడికెడు బియ్యం, ముప్పై కిలోలు. కిలో పది రూపాయలు."

పక్కనున్న అనసూయతో వ్యాను సంగతి మాట్లాడుతూనే హెప్సిబా చెయ్యెత్తింది.

"పది ఒకటోసారి. పది..."

"పదకొండు."

గుడి అంతా వెనక్కి తిరిగింది. గోడ పక్కన, చాప మీద కాళ్లు చాపుకుని చిలుకమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. మిరపకాయల తొడిమెలు తీసి తీసి ఆమె వేళ్ల కొసలు ఎర్రబారి, గీతలు చెరిగిపోయాయి. ఆధార్ యంత్రం ఆమె వేలిని పట్టదని రేషన్ షాపులో అందరికీ తెలుసు.

హెప్సిబా నవ్వింది. "ఏంది చిలుకమ్మత్తా, నోట్ల పండ్లు లేవు, పలుకన్నం ఎట్ల నములుతవ్?"

"నా పండ్ల సంగతి నాకిడిసిపెట్టు. నువ్వు పాడు."

"పన్నెండు."

"పదిహేను."

"అత్తా, పరాచికమా?"

"పంతులు సారూ, నా పాట పదిహేను. రాసుకో."

పంతులు కాగితం మీద రాసుకున్నాడు. హెప్సిబా ఇరవై అంది. చిలుకమ్మ పాతిక అంది. ముప్పై, ముప్పైఐదు, నలభై, నలభైఐదు. అంతకు మించితే ఇక మిగిలేది లేదని, వదిలేయడమే వివేకమని హెప్సిబాకు తెలుసు. కాని వదిలేస్తే ఏదో ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. ఏమి ఒప్పుకున్నట్టో అప్పటికి తెలియదు. "యాభై," అంది.

చిలుకమ్మ చేతులు దులుపుకుంది.

"రాయి సారూ, ఆమెకే రాయి. యాభై పెడితే దుకాణంల సన్నబియ్యం రావా బిడ్డా? నేను కొననీకె పాడలే. మేం ఊకుంటే ధరెంత, పాడితే ధరెంత, నీకు ఒక్కసారన్న తెల్వాలని పాడిన."

"ఊకునుడేంది?"

"చిలుకమ్మా," అన్నాడు పంతులు, "ఇప్పుడెందుకమ్మా అవన్ని."

"ఇప్పుడు గాకపోతే నేను మట్టిలకు పోయినంక చెప్తవా?" చిలుకమ్మ గొంతు పెంచలేదు. "నీ పెనిమిటి మీద బస్తాలు వడ్డ యాడాది, హెప్సిబా. దానికి ముందు ఈ బియ్యం నేను పాడుకునేదాన్ని. నాకు, నా ఇద్దరు మనుమలకు. సారు మా ఇంటికొచ్చిండు. దేవదానం మంచంల పడ్డడు, పిల్ల చిన్నది, ఒక్క యాడాది నువ్వు పాట పాడకు చిలుకమ్మా అన్నడు. ఇల్లిల్లు తిరిగి అందరికి చెప్పిండు. అందరం ఊకున్నం. యాడాది అన్నరు. పదిహేడేండ్లాయె."

ఓదార్చాలనే కాబోలు, అనసూయ హెప్సిబా మోచెయ్యి పట్టుకుంది. "అవును వదినా. మీ ఇంటికి పోతయని మేం రాళ్లు సుత ఏరి పోసేటోళ్లం."

హెప్సిబాకు ఆ మాట అన్నిటికంటే లోతుగా దిగింది. మొదటి రెండు మూడు నెలల్లో చాటలో రాళ్లు వచ్చేవి. తరువాత రాలేదు. తన చెరిగే చెయ్యి తిరిగిందనుకుంది.

"నాకెవ్వరు చెప్పలే," అంది.

"నువ్వు అడగలే," అంది చిలుకమ్మ. "ఇంత అగ్గువకు ఎందుకొస్తానయని ఒక్కనాడన్న అడిగినవా? మా నిఖిల్ ఏడో తరగతిల బడి మానిండు. నా పక్కన కూసోని తొడిమెలు తీసిండు. ఆని కూలి మా బియ్యానికి పోయేది. నిన్ను తప్పు వట్టలే బిడ్డా. కష్టముండె, ఇచ్చినం. కష్టం పోయినంక చెయ్యి దించుతవేమో అని చూసినం. ఇరువై రెండు లచ్చలని ఈ పొద్దు నవీన్ నోట విన్నంక ఊకోబుద్ధి గాలే."

హెప్సిబా పదిహేను వందలు లెక్కపెట్టి పంతులు చేతిలో పెట్టింది. సంచి మాత్రం ఎత్తలేదు. దేవదానమే దాన్ని సైకిలు మీద వేసుకుని, ఆమె వెనకే నడిచాడు.

ఇంట్లో అడుగుపెట్టాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే. "నీకెరుకనా?"

దేవదానం సంచిని గోడకు ఆనించాడు. "మంచంల ఉన్నప్పుడే సారు చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు పాట మానేద్దువు. పాట మానితే వాయిదా ఆగుతుండె. వాయిదా ఆగితే ప్లాటు పోతుండె." అతను ప్రతి మాటనూ బస్తా మూతి కుట్టినట్టు ఒక్కొక్క పోటుగా చెప్పాడు. "అగ్గువకొచ్చింది ఇడువొద్దని నువ్వే అంటవు గద."

"అవి అగ్గువ గాదు. అడుక్కున్నయి."

"అడుక్కోలే. వాళ్లే ఇచ్చిండ్రు."

"వాయిదాలు ఏడేండ్ల కిందనే అయిపోయినయి గద. అప్పుడన్న చెప్పకపోతివి?"

"అలవాటయిపోయింది," అన్నాడు దేవదానం. ఆమె వైపు చూడకుండా, "లిదియకు సుత ఎరుకే. రొట్టెలు ఎందుకు తింటదనుకున్నవ్?" అన్నాడు.

లిదియా పన్నెండో ఏటి నుంచి అన్నం ముట్టదు. లావవుతానని సాకు చెప్పేది. రేషన్ గోధుమలు ఎలాగూ చవకే కనుక హెప్సిబా అడ్డు చెప్పలేదు. పైగా బియ్యం కలిసివస్తాయని సంతోషించింది. సండే స్కూల్లో ఒక పిల్ల, 'మా అమ్మ మీ కోసం పిడికెడు తీస్తది, తెలుసా' అని లిదియాతో అందని, ఆ రోజు నుంచే రొట్టెలు మొదలయ్యాయని దేవదానం ఇప్పుడు చెప్పాడు. తాను ఒక్కొక్క కొక్కెం తగిలించిన గొలుసును హెప్సిబా వెనక నుంచి విప్పుకుంటూ వచ్చింది. నేల వాయిదాల నుంచి, వాయిదాలు బియ్యం నుంచి, బియ్యం ముప్పై ఇళ్ల మౌనం నుంచి. ఆ మౌనం వెనక నిఖిల్ వదిలిన బడి. మొదటి కొక్కెం ఆమెది కాదు.

మంగళవారం పాతిక కిలోల సన్నబియ్యం బస్తా కొని, రిక్షాలో వేసుకుని చిలుకమ్మ ఇంటికి వెళ్లింది. జీవితంలో ఆమె బేరమాడకుండా కొన్న మొదటి బస్తా అది. చిలుకమ్మ గడపలోంచి కదలకుండా బస్తా వైపు చూసింది.

"ఎంత?"

"అత్తా, ధరేంది? నేనే తెచ్చిన."

"ఊరికె తినే అలవాటు నాకు లేదు బిడ్డా." లోపలికి వెళ్లి, చీర మడతల్లోంచి నోట్లు తెచ్చింది. "కిలో పది. గుడి ధర. రెండొందల యాభై. తీసుకో."

హెప్సిబా వద్దనబోయింది. వద్దంటే ఆ బస్తా దానమవుతుంది. ముసలిదాని చెయ్యి కిందిదవుతుంది. తీసుకుంటే తన అప్పులో ఒక్క గింజ కూడా తీరదు. రెండూ తెలిసి, నోట్లు తీసుకుంది. చిలుకమ్మ వేళ్లు తగిలినచోట ఆ కాగితాలు పులుపూ కారమూ కలిసిన వాసన వేశాయి. ఇంటికి వచ్చేదాకా కళ్లు తుడుచుకోవడానికి భయపడింది. కారం కళ్లకు అంటుతుందని.

శనివారం వ్యాను తెచ్చింది నిఖిలే. పది రోజుల కింద అతనితోనే ఆమె కిరాయి బేరమాడింది. మూడున్నర వేలు అంటే మూడు వేలకు దించింది. 'మనోళ్లే గద ఆంటీ, ఇయ్యుండ్రి,' అని ఆ ఐదు వందలు వదిలేశాడు. ఇప్పుడు ఆమె ఆ ఐదు వందలు మడిచి ఇవ్వబోతే, అతను గేరు మారుస్తూ, "మాటంటే మాటే ఆంటీ," అన్నాడు. ఆ నోటు రఘునాథపల్లిదాకా ఆమె గుప్పిట్లోనే తడిసింది.

జనం వస్తారో రారో అని నాలుగు రోజులు ఆమె కుమిలింది. అందరూ వచ్చారు. అనసూయ వచ్చింది, నవీన్ వచ్చాడు, జాన్సన్ పంతులును ఇద్దరు పట్టుకుని దించారు. చిలుకమ్మ ముందు సీటులో మనవడి పక్కన కూర్చుని వచ్చింది. లిదియా రాత్రి డ్యూటీ ముగించుకుని, యూనిఫాం మీద చున్నీ వేసుకుని, నేరుగా బస్సులో వచ్చింది. నూటయాభై గజాల మధ్య తవ్విన గుంట పక్కన అయ్యగారు కీర్తన ఎత్తారు, వాక్యం చదివారు, రాయి మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. తరువాత ఆనవాయితీ ప్రకారం, "హెప్సిబమ్మ సాక్ష్యం చెప్తది," అన్నారు.

ఆమె ఇంకొక సాక్ష్యం సిద్ధం చేసుకునే వచ్చింది. రాత్రంతా దానికి మాటలు పేర్చుకుంది. 'ఈ నేల నాది గాదు, మీ పిడికిళ్లది' అని మొదలుపెట్టి, నిఖిల్ బడి దాకా చెప్పి, చిలుకమ్మ కాళ్లు పట్టుకోవాలని. గుంట పక్కన నిలబడింది. చుట్టూ ముళ్లకంచె అవతల లారీలు పోతున్నాయి. ఎదురుగా ముప్పై ఇళ్ల మనుషులు ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని ఆమె నోటివైపు చూస్తున్నారు.

"ఎవరి ముందు చెయ్యి చాపకుంట..." అంది.

అంటూనే ఆగిపోయింది. పదిహేడేళ్లు నడిచిన నాలుక తన దారినే నడిచింది. ఇప్పుడైనా వెనక్కి తిప్పవచ్చు. ఒక్క 'కాదు' చాలు. ఎవరూ కదలలేదు, దగ్గలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు బాగా తెలుసు. పంతులు మూడోసారి అడిగాక, పాట ఆమెకు కట్టేముందు, నెలనెలా గుడిలో వినిపించిన నిశ్శబ్దమే అది. అప్పుడు దాన్ని తన తెలివి అనుకుంది. ఇప్పుడు అదేమిటో తెలుసు.

"ఆమెన్," అంది చిలుకమ్మ, అందరికంటే ముందు.

"ఆమెన్," అన్నారు మిగిలినవారు.

తెలిసి కూడా హెప్సిబా ఆ నిశ్శబ్దాన్ని తీసుకుంది. "...దేవుడు మమ్ముల ఈడిదాక నడిపించిండు," అని వాక్యం పూర్తిచేసింది. జాన్సన్ పంతులు కళ్లు మూసుకుని తల ఊపాడు. దేవదానం తాపీ అందించాడు. ఆమె సిమెంటు వేసింది.

షామియానా కింద భోజనాలు మొదలయ్యాయి. ఏ గింజకాగింజ విడివిడిగా, తెల్లగా, సన్నన్నం. ఆమే వండింది, ఆమే వడ్డిస్తోంది. చిలుకమ్మ విస్తరిలో వేస్తుంటే, "మెత్తగ చేసినవ్ బిడ్డా, నా పండ్లకు పనికొస్తది," అంది ముసలమ్మ; ఎగతాళో మెప్పో తెలియనివ్వలేదు. వరుస చివర లిదియా కూర్చుంది. హెప్సిబా అన్నం గిన్నెతో ఆమె ముందు వంగింది.

"ఇయ్యాలన్న తిను బిడ్డా. ఇవి దుకాణంల కొన్నయి. పూర ధర పెట్టిన."

లిదియా తల్లి ముఖంలోకి చూసింది. ఇందాక 'ఆమెన్' అననిది ఆమె ఒక్కతే. విస్తరిని మెల్లగా పక్కకు జరిపి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, రొట్టె విప్పుకుంది.